ఆర్పని కర్పూరం

యుద్ధం రోజుల్లో బట్ట కంట్రోలులో ఇచ్చేవారు. నరసరావుపేటలో ఆ బట్టల కొట్టు తెరిస్తే ఒకరి మీద ఒకరు పడేవాళ్లం. గుమ్మంలో ఒక కాపలా మనిషి ఉండేవాడు. మగవాళ్లయితే పైపంచె దులిపించి, సంచి తడిమి పంపేవాడు. ఆడవాళ్లను ముట్టేవాడు కాదు. ఆ మర్యాదకు ఇప్పటికీ ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అనుమానం వస్తే మాత్రం గడప మీద కర్పూరం వెలిగించి, తీయలేదని చెప్పి చేత్తో ఆర్పమనేవాడు. ఆర్పినామెను మారుమాట లేకుండా పోనిచ్చేవాడు. దొంగ ఆర్పదని వాళ్ల నమ్మకం.

ఆ రోజు రవికగుడ్డ ఒకటి తగ్గింది. ఆఖరున దాన్ని పట్టి చూసింది మా అత్త. నకరికల్లు దగ్గర మా ఊళ్లో ఆమె మంత్రసాని. మా పేటవాళ్లను వాకిట్లోనే నిలబెట్టే ఇళ్లు కూడా, నొప్పులొస్తే ఆమెను లోపలి గదిదాకా రానిచ్చేవి. మాకు తిండి పెట్టింది ఆ నమ్మకమే.

కాపలా మనిషి కర్పూరం పెట్టాడు. "ఆర్పి పో, పిన్నీ. చిటికెలో పని."

"మేం ఒట్టు పెట్టుకోకూడదు నాయనా. ప్రభువు వద్దన్నాడు. తీయలేదని చెప్పాను గదా."

"తియ్యకపోతే చెయ్యి కాలుద్దా ఏంది?" అని వెనక నుంచి ఒకామె అంది. అందరూ నవ్వారు.

ఎవరైనా ఆడమనిషి చాటుకు తీసుకుపోయి చూసుకోమంది అత్త. వరసలో ఉన్నవాళ్లెవరూ ఆమెను ముట్టుకోవడానికి ముందుకు రాలేదు. నేను చూస్తానంటే, కోడలు చూస్తే లెక్కలోకి రాదన్నాడు కొట్టు షావుకారు. ఆర్పెయ్యమని నేనే ఆమె చెవిలో బతిమాలాను. ఊరుకో అమ్మాయ్ అంది, అంతే. కర్పూరం దానంతటదే కొండెక్కింది.

"పోలీసులకు చెప్పను. మళ్లీ ఈ గుమ్మం ఎక్కబాక" అని కాపలా మనిషి పక్కకు జరిగాడు. ఆ మాత్రం దయకు స్తోత్రం చెప్పుకుంటూ నడిచాను. గుడ్డ తర్వాత దొరికిందో లేదో మాకెవరూ చెప్పలేదు. వరసలో మా ఊరివాళ్లు ఇద్దరున్నారు. మేం చేరేసరికే మాట ఊరు చేరింది.

కొన్నాళ్లకు ఎదురింటి కోడలికి మధ్యాహ్నంపూట నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండేదాకా ఆ పిల్ల కడుపు చూసింది మా అత్తే. కేక వినపడగానే గోళ్లు తీసుకుని, వేణ్ణీళ్లతో చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుంది. వాళ్ల బండి పొరుగూరి మంత్రసానిని ఎక్కించుకుని మా కళ్ల ముందే వాళ్ల గుమ్మంలో ఆగింది. అత్త కళ్లు మూసుకుని ఆ పిల్ల కోసం ప్రార్థన చేసింది.

పొద్దు వాలేవేళకు బిడ్డ ఏడుపు వినిపించింది. దేవుడి దయ, ఇద్దరూ దక్కారు. అత్త లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత ఏ ఇంటి నుంచీ ఆమెకు పిలుపు రాలేదు.