అది పటేలు కోపు కాదు

మా చిన్నప్పుడు... జొన్న కోతలకు ముందు కల్లం అలికి ఆరబెట్టారంటే చాలు, మా అక్క బాలమ్మ కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. పేడతో అలికిన నేల నున్నగా, గట్టిగా ఉండేది. రెండు చేతుల్లో రెండు కంది కట్టెలు పట్టుకుని మడమ మీద గిర్రున తిరిగేది. ఎదురుగా ఆమెకు జత నేను. మడమలతో కల్లమంతా గుంటలు చేస్తున్నారని నాయన గట్టు మీంచి అరిచేవాడు. అక్క వింటే కదా!

వనపర్తి సంస్థానం ఉన్న రోజులవి. మాది బిజినేపల్లి దగ్గర చిన్న పల్లె. పటేలు చేను కౌలుకు చేసేవాళ్ళం.

కోలాటంలో ఒక్కో అడుగుల వరసను కోపు అంటారు. జతగాడికి ఎదురు నిలబడి కొడితే ఎదురుకోపు. వీపు తిప్పి భుజం మీదుగా కట్టె అందిస్తే వెనకకోపు. జట్టు పెద్ద ఈల వేసి కోపు పేరు చెబితే అందరూ ఒక్కసారిగా అడుగు మార్చాలి. కొత్త కోపు ఎవరు కడితే దానికి వాళ్ళ పేరే పెట్టడం మా ఊరి మర్యాద. ఈదన్న కోపు ఉండేది, హన్మంతు కోపు ఉండేది... అందరూ మగవాళ్ళే. ఆడపిల్లలు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టాలి గానీ కోలాటం కట్టెలు ముట్టకూడదట!

మా అక్క ముట్టింది. ముట్టడమే కాదు, కొత్త కోపు కట్టింది. మగవాళ్ళందరూ వెనక్కి తిరిగి ఎగిరేవాళ్ళు. ఈమె ముందుకు చూస్తూనే ఎగిరి, గాలిలోనే ఒక చుట్టు తిరిగి, వీపు వెనక రెండు కట్టెలూ టక్కున కొట్టి, దిగుతూ దిగుతూ నా కట్టెకు తగిలించేది. ఎన్నిసార్లు పడిందో... మోచేతులు చెక్కుకుపోయేవి. జొన్న రొట్టె తుంచుకోవడానికి కూడా చేతులు వంగేవి కావు.

మొన్న టీవీలో మంచు మీద జారుతూ ఆడే ఆట చూశాను. ఎవరో సన్నటి పిల్ల... అలాగే ఎగిరింది! మా మునిమనవరాలు పక్కన కూర్చుని అన్నీ విప్పి చెప్పింది. బూటు మొన మంచులో గుచ్చి లేస్తే ఒక పేరట, బూటు కింది బ్లేడు అంచు మీది నుంచే లేస్తే ఇంకో పేరట. అవన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవేనట. ముందుకు చూస్తూ ఎగిరేది మాత్రం ఒక్కటే... ఆక్సెల్.

"ఆక్సెల్ అంటే ఏందే?" అన్నాను.

"మొదట ఎగిరినాయన పేరవ్వా. నూరేండ్లు దాటినా గదే పేరు."

ఎక్కడో మంచు దేశంలో ఎవరో ఎగిరితే నూరేళ్ళు పేరు నిలిపారు. మా అక్క పేరు నూరు గడియలు కూడా నిలవనివ్వలేదు మా ఊరు.

ఎలాగంటే... పటేలు చిన్న కొడుకు ఒకరోజు మా కల్లం దగ్గర ఆగాడు. అతను కోలాటం జట్టులో ఉండేవాడు. "ఏదీ, మల్లొక్కపారి ఎగురు" అన్నాడు. పిచ్చిది... ఎగిరింది. ఏ కాలు ముందు వేయాలో, కట్టె ఎప్పుడు వెనక్కి పోవాలో అన్నీ చెప్పింది. మెచ్చుకుంటున్నాడనే అనుకుంది పాపం.

ఊరి జాతరలో జట్టు ఆడుతోంది. ఈల మోగింది. "పటేలు కోపూ...!" అని కేకేశాడు జట్టు పెద్ద. పటేలు కొడుకు ఎగిరాడు. అదే ఎగురు, అదే చుట్టు. జనం ఒకటే చప్పట్లు.

అక్క జనంలోంచి దూసుకుపోయి జట్టు పెద్ద ముందు నిలబడింది. "తాతా, గది నా కోపు. నేనే జూపిచ్చిన."

"ఎవరిదైతేంది బిడ్డా? ఆడపిల్ల పేరు వెడితే మగోళ్ళు ఎగుర్తరా?" అన్నాడు ఆయన. పటేలు కొడుకు పక్కనే ఉన్నాడు. ఆ మాటకు నవ్వాడు.

నాయన పరుగున వచ్చి అక్క చేయి పట్టి లాగాడు. "ఊకో బిడ్డా... చేను వాళ్ళది."

"చేను వాళ్ళదైతే నా కాళ్ళు గూడ వాళ్ళవేనా నాయినా?"

నాయన తల వంచుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చాడు.

ఇంట్లో మా జేజి, అంటే నాయన తల్లి, ఆమెకు చెవుడు. "నా కోపు గుంజుకపోయిన్రు జేజీ" అని అక్క ఏడుస్తుంటే, "కోపం వోతే మంచిదే గదనే, ఏడుస్తవెందుకు?" అంది. మేమంతా నవ్వాం. అక్క నవ్వలేదు. ఆ తర్వాత కట్టెలు పట్టనూ లేదు. పెళ్ళయి గద్వాల వైపు వెళ్ళింది, పిల్లల్ని పెంచింది, ముసలిదై కన్నుమూసింది. ఆమె ఎగిరేదని ఆమె కొడుకులకు కూడా తెలియదు.

పోనీలే, కాలం మారిందనుకున్నాను. ఈ మధ్య నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్ళికి పోతే, ఆడపిల్లలే కోలాటం ఆడుతున్నారు! ఒక్క రంగు చీరలు, రంగు కట్టెలు... ఎంత ముద్దుగా ఉన్నారో. వాళ్ళలో ఒక పిల్ల ముందుకు చూస్తూ ఎగిరి, చుట్టు తిరిగి, వీపు వెనక కట్టెలు కొట్టింది. అచ్చం అక్క ఎగిరినట్టే! ఆట అయ్యాక దగ్గరికి పిలిచి అడిగాను, దీన్ని ఏమంటారమ్మా అని.

"పటేల్ కోపు అమ్మమ్మా. పాతది" అంది నవ్వుతూ.

ఆ పిల్లను ఏమనను? చేతులు పట్టుకుని అక్కడే కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఎంతవరకు నమ్మిందో తెలియదు. ఆడపిల్లలు కట్టెలు పట్టే రోజులు వచ్చాయి... మగవాడి పేరు మాత్రం ఇంకా పోలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. అమ్మమ్మ కట్టిన పాటో, అత్త కనిపెట్టిన వంటో, ఇంకెవరి పేరు మీదో చెలామణి అవుతూ... ఈ పోస్టు కింద రాయండి. అసలు మనిషి పేరుతో రాయండి. మొదటిది నేనే రాస్తున్నాను.

బాలమ్మ కోపు.