ద్వోషమ్మ కోడి

రాజ్యాల సరిహద్దులు ఎప్పుడు మారాయో చరిత్రకారులు రాసుకున్నారు గాని, మా గలీషియా ఊళ్లో ద్వోషమ్మ ఒకే కోడితో ఏటేటా పాపాలు ఎలా వదిలించుకుందో ఎవరూ రాయలేదు. సబ్బాతు కొవ్వొత్తుల నుంచి కారిన మైనాన్ని గోటితో గీకి దాచుకునే మనిషి ఆవిడ. పాపక్షమాపణ కోరే మహోపవాసానికి ముందురోజు మా యూదులు కోడిని తల చుట్టూ తిప్పి, తమ పాపాలు దానిమీదికి దించి, "ఇది చావుకు, నేను బతుకుకు" అని, కోయించి బీదలకిస్తారు. ద్వోషమ్మా తిప్పుతుంది, కళ్లు మూసుకుని, ఈక రాలకుండా. ఆపైన గూట్లో పెట్టేస్తుంది. గుడ్లు పెట్టే పెట్ట మరి!

ఈ ఏడు, మొగుడు పోయిన ఆడపడుచు పెస్సా, జ్వరంపడి లేచిన కూతుర్ని చంకనేసుకుని గిన్నెతో వచ్చింది.

"వదినా, ఈసారైనా కోయించు. పిల్లకి కాస్త చారు పడితే ఓపికొస్తుంది."

"అయ్యో పిచ్చిదానా, దాని ఒంట్లో నా పాపాలున్నాయే! పసిదానికి పెడతావా?"

"ఆ పాపాలతోటే అది పెట్టిన గుడ్లు నువ్వు తింటూనే ఉన్నావుగా వదినా!"

ద్వోషమ్మ గూటి గొళ్లెం సరిచూసుకుంది. "నోరు బాగానే లేస్తోందే! గుడ్లు మానెయ్యగానే కోడి నీదే, పో" అని, ఖాళీ గిన్నెను కొంగుతో తుడిచి మరీ చేతికిచ్చింది.

మర్నాడు, ఉపవాసం రోజున, ప్రార్థనామందిరంలో ద్వోషమ్మ గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. పక్కనే పెస్సా, ఆ కోడికి గుడ్లు ఆగిపోవాలని పొద్దుగుంకేదాకా దేవుణ్ణి వేడుకుంది.

ద్వోషమ్మ ఇంటికొచ్చేసరికి గూట్లో గుడ్డు ఉంది.