నల్లా దగ్గర వదిలిన ఇత్తడి బిందె

ఈ సంగతి రాసి పెట్టాలని ఎందుకు అనిపించిందో ముందుగా చెప్పాలి. పోయిన వారం మా తమ్ముడి మనవరాలు నిజామాబాద్ నుంచి ఫోన్ చేసింది. బ్యాంకులో కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఉండడానికి గది వెతుక్కుంటోంది. ఒక వీధి పేరు చెప్పి, "నానమ్మా, ఫోన్‌ల చూస్తే ఆ ఏరియాకు అయిదు చుక్కలల్ల మూడే ఉన్నయి. మంచిదేనంటవా?" అని అడిగింది. ఆ పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. యాభై ఏళ్లకు ముందు అదే వీధికి నేను పదకొండు మార్కులకు నాలుగు వేసి ఫెయిల్ చేశాను. ఆ నాలుగు మార్కుల కథ, దాని వెంట వచ్చిన బిందె కథ తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. పుస్తకాల్లో దొరకనిది మనకు తెలిసి ఉంటే రాసి పెట్టి పోవాలి కదా. నేను చదివిన పుస్తకాలన్నీ ఎవరో ఒకరు అలా అనుకున్నందుకే కదా నా చేతికి వచ్చాయి.

మాది ఎడపల్లి. అయిదో తరగతితో నా బడి ఆగిపోయింది, చదువు మాత్రం ఆగలేదు. చెరుకు సీజనులో మా బాపు బండి కట్టుకుని బోధన్ ఫ్యాక్టరీకి పోయేవాడు. నేను గడ కొరుక్కుంటూ బండి మీద కూర్చునేదాన్ని. గేటు ముందు బండ్ల వరుస కదలడానికి ఒక పూట పట్టేది. చెరుకు మడ్డి వాసన ఊరంతా కమ్ముకుని, ఎడ్లు నెమరు వేస్తూ, బండ్లవాళ్లు కునుకు తీస్తూ ఉంటే, ఆ పూటంతా నేను అక్కడి గ్రంథాలయంలో ఉండేదాన్ని. గ్రంథాలయం సారు మొదట్లో "ఎవరి కోసమమ్మా పుస్తకం?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేసి, నేను సగం చదివిన పుస్తకాన్ని మళ్లీ నేను వచ్చేదాకా తన సొరుగులో దాచడం మొదలుపెట్టాడు. ఏది ముందు చదవాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి అల్మారాలో ఏది ముందుంటే అది చదివాను. నక్షత్రాలు, పశువుల రోగాలు, పౌరశాస్త్రం, హంతకుణ్ని పట్టుకునే నవలలు. అలా కలగాపులగంగా చదివే ప్రైవేటుగా మెట్రిక్ కట్టి పాసయ్యాను. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా వెన్ను కొంచెం నిటారవుతుంది. చదివేవాళ్లు మన్నించాలి.

పందొమ్మిది వందల అరవైల చివర నాకు నిజామాబాద్ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. రెండు వారాల్లో చేరాలి. సాయంత్రం డ్యూటీ దిగేసరికి మా ఊరి వైపు పోయే రైలు వెళ్లిపోతుంది కాబట్టి ఊళ్లోనే గది తీసుకోవాలి. ఒంటరి ఆడపిల్లకు గది ఇస్తామన్నవాళ్లు నడిచిపోయేంత దూరంలో ఒక్కరే దొరికారు. ఆ ఇంటామె గ్రంథాలయం సారుకు తెలిసిన మనిషి. మా బాపుకు అదే వారం చెరుకు నరకడానికి ఫ్యాక్టరీ పర్మిట్ వచ్చింది, తాను కదిలే వీలు లేదు. మా అవ్వను, అంటే అమ్మను, నాకు తోడిచ్చి పంపుతూ ఒకే మాట అన్నాడు.

"ఎర్కలేని ఊరు, ఒక్కతివి. గల్లీ మంచిదని మీ అవ్వ అంటెనే పోతవు. కాదన్నదా, నౌకరి లేదు గీకరి లేదు. మల్ల పుస్తకాలు తెచ్చి నాతోని వాదియ్యకు."

నేను వాదించలేదు. అంతకంటే మంచి పని చేశాననుకున్నాను. పట్టణాల పరిశుభ్రత మీద చదివిన పుస్తకంలోంచి కొన్ని, పౌరశాస్త్రంలోంచి కొన్ని, నిజం చెప్పాలంటే అపరాధ పరిశోధన నవలల్లోంచి కూడా కొన్ని ఏరి, ఒక వీధి మంచిదా కాదా తేల్చడానికి పదకొండు ప్రశ్నలు రాసుకున్నాను. దీపస్తంభం ఉందా, మురికి కాలువకు మూత ఉందా, పోలీసు చౌకీ ఎంత దూరం, వీధికి రెండు వైపులా దారి ఉందా, ఇలాంటివి. అవ్వ ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు. బియ్యపు గంప వెనక నుంచి తన ఇత్తడి బిందె తీసి, చింతపండుతో తోమి, పాత చీర ముక్కలో చుట్టి చంకన పెట్టుకుంది. రైల్లో ఎవరో "పెండ్లికా అవ్వా?" అని అడిగితే, "కాదు, పరీచ్చకు" అంది.

మేము చేరేసరికి పది దాటింది. ఆ వీధి పదేళ్ల కిందటి వరకు వరి మడి అట. మేము చూసేనాటికి పెంకుటి గదులు వరుసగా లేచాయి. రైసుమిల్లుకు పోయేవాళ్లు, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీవాళ్లు, కొత్త ఆఫీసుల గుమాస్తాలు, ఎవరికెవరూ ఏమీ కాని మనుషులు పక్కపక్కన చేరారు. ఒక గోడ సగం కట్టి ఆగింది, ఇంకో గోడ తడిగా ఉంది. ప్రతి గడపలో ఒక ఆడమనిషి ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుడుతోంది. నా కాగితం తీశాను. దీపస్తంభం ఉంది, బల్బు లేదు. కాలువకు మూత లేదు. చౌకీ ఎక్కడో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా పెద్ద అవలక్షణం, మేము చూడవచ్చిన గదికి ముప్పై అడుగుల్లో కల్లు దుకాణం. కూడితే నాలుగు. నౌకరి చేజారినట్టేనని తెలిసినా, నిజాయితీగా మార్కులు వేశానన్న గర్వం మాత్రం ఉంది.

అవ్వ అప్పటికే వీధి మధ్యలో ఉన్న నల్లా దగ్గరికి పోయింది. నీళ్లు ఇంకా రాలేదు. మనుషులకు బదులు బిందెలు, డబ్బాలు, ఒకచోట ఇటుక ముక్క, ఒకచోట తెగిన చెప్పు వరుసలో నిలబడి ఉన్నాయి. అవ్వ చీర ముక్క విప్పి, మెరిసిపోతున్న బిందెను అన్నిటి చివర పెట్టి వెనక్కి తిరిగింది.

"పా, పోదాం."

"అవ్వా, ఇత్తడిది! ఎవరైనా ఎత్కపోతే?"

"ఇత్తడిదైతెనే తెలుస్తది. పగిలిన కుండ పెడితే ఎవ్వడెత్కపోతడే, పిచ్చిదానా?"

అప్పుడు నాకు అర్థమైంది. అవ్వ పుట్టిల్లు నిజాంసాగర్ కాలువ చివరి ఊళ్లలో ఒకటి. అక్కడ తూము దగ్గర రైతు తన పార పెట్టి పోతే ఆ వంతు అతనిదే. ఆ పార కదలని ఊరికే పిల్లనిచ్చేవారట. "నీళ్లకాడనే మనిషి గుణం బైటపడ్తది" అనేది. వచ్చేసరికి బిందె ఉన్నచోటే ఉంటే వీధి మంచిది. వెనక్కి నెట్టి ఉంటే అక్కరున్న జనం, సర్దుకోవచ్చు. లేకపోతే మరి మాట లేదు. అంతవరకు కాలక్షేపం ఎలాగా అంటే, అవ్వ నేరుగా నా జాబితాలోని పెద్ద అవలక్షణంలోకి నడిచింది. దుకాణం ముందరి బండ మీద కూర్చుని, ముంత అందుకుని, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగి, "పుల్లగున్నది" అని దుకాణదారుతో పేచీ పెట్టుకుంది. పక్కన కాగితం పట్టుకుని నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టయింది.

అవ్వ ఆ పేచీలో మునిగి ఉండగానే నల్లా వచ్చి పోయింది. మేము తిరిగి చూసేసరికి వరుస లేదు. తడిసిన మట్టి, ఇటుక ముక్క, తెగిన చెప్పు మాత్రం ఉన్నాయి. బిందె లేదు.

అవ్వ ఆ తడి మట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఎవరినీ అడగలేదు, అరవలేదు. పుట్టింటివాళ్లు పెట్టిన బిందె అది. చీర ముక్కను మడిచి చంకన పెట్టుకుని, "పా బిడ్డా, రైలు బండి యాళ్లయితుంది" అంది. నేను కదల్లేదు. ఒక్క గంట ముందు అదే వీధిని నాలుగు మార్కులతో తోసేసినదాన్ని, ఇప్పుడు దాని తరఫున వకీలునయ్యాను. దీపస్తంభానికి బల్బు పెట్టిస్తారని, చౌకీ దొరుకుతుందని, పోయిన బిందెకు బదులు మొదటి జీతంతో కొత్తది కొంటానని ఏడుస్తూ చెప్పాను. అవ్వ నా చేయి పట్టుకుని నడుస్తూనే ఉంది. వీధి మలుపు దాకా వచ్చాం. అది దాటితే స్టేషను, స్టేషను దాటితే ఎడపల్లి, ఆ తర్వాత ఇంక నా చదువుకు పనేమీ లేదు.

"ఓ పెద్దమ్మా! ఆగు! గా బిందె నీదేనా?"

మలుపు పక్క గడపలో బీడీలు చుట్టే ఆమె. చాట పక్కన పెట్టి లేచింది.

"ఎవ్వలో ఏమో, గింత సోయి లేని ఆడమనిషి! బంగారమసొంటి బిందె నడి బజార్ల యిడిసిపెట్టి పోతరా? గా నల్లాకాడ మంది ఉరుకులాట, సొట్టలు పడ్తదని లోపట పెట్టిన. వరుసల తొమ్మిదోది నీది. తొమ్మిదోదానికే పట్టిన. ముందల పట్టలే, ఎన్కకు నూకలే."

లోపలికి పోయి చూస్తే, మూల చల్లని నేల మీద మా బిందె నిండుగా ఉంది. దాని మీద కంచం మూత పెట్టి ఉంది. అవ్వ మూత తీసి, నీళ్లు చూసి, మళ్లీ మూత పెట్టింది. మాట్లాడిందంతా ఆ బీడీల ఆమే.

"పొద్దుగాల్నించి సూస్తున్నం మిమ్ముల. గీ పిల్ల ఇండ్లు లెక్కవెట్టుకుంట కాయితం మీద గీకుతుంటే, ఇండ్ల పన్ను పెంచెతందుకు పంపిండ్రనుకున్నం. ఎవ్వల్ని అడిగినా ఏం జెప్పొద్దని అందరికి జెప్పిన. గా చౌకీ యాడుందో మాకెర్కలేదా? జెప్పలే!"

"మరిప్పుడెందుకు పిలిస్తివి?" అంది అవ్వ.

"నువ్వు కల్లు దుకాణంల కూసుండి పుల్లగుందని కొట్లాడితివి సూడు, గప్పుడు మనోల్లే అనుకున్న."

మేము ఆ వీధిని పరీక్షిస్తున్నామనుకున్నాం. పొద్దున నుంచి వీధే మమ్మల్ని పరీక్షిస్తోంది. చౌకీకి నేను సున్న వేసినప్పుడు, వాళ్లు నాకు సున్న వేశారన్నమాట. అవ్వ నవ్వింది. ఆ రోజంతటిలో అదే మొదటిసారి. బిందె ఎత్తి నడుమున పెట్టుకుని, "గా రూము యాడుందో సూపియ్యి" అని బీడీల ఆమెను ముందు నడిపించింది. గది తలుపు తీయించి, నిండు బిందెను అందులో దించి, నన్ను అక్కడే ఉంచి, ఖాళీ చేతులతో ఊరికి పోయింది. బాపుకు ఏం చెప్పిందో నాకు తెలియదు. బిందె ఏదని అడిగి ఉంటాడు, జవాబు అర్థమై ఉంటుంది.

ఆ గదిలో తొమ్మిదేళ్లున్నాను. మొదటి నెలలోనే, పొద్దు గుంకే వేళ డ్యూటీ దిగి వస్తుంటే ఒకడు నా వెంట పడి వీధిలోకి వచ్చాడు. ఎవరూ అరవలేదు, కర్ర పట్టలేదు. మొదటి గడపలోంచి ఒక గొంతు, "ఎవ్వలింటికి బిడ్డా?" అంది. ఏదో గొణిగాడు. రెండో గడప, "ఎవ్వలింటికి?" మూడో గడప కూడా అదే అడిగింది. నాలుగో గడప నోరు తెరవకముందే వెనక్కి తిరిగాడు. బీడీ చుట్టడానికి వేళ్లు చాలు, కళ్లు ఖాళీగా వీధి మీదే ఉంటాయి. ఇన్ని పుస్తకాలు తిరగేసిన నాకు చూసే కళ్లున్నాయా అన్న పన్నెండో ప్రశ్న తట్టలేదు.

ఇప్పుడు అక్కడ ఇంటింటికీ నల్లా ఉంది, ఇనుప గేట్లున్నాయి. కల్లు దుకాణం జాగాలో మందుల షాపు వచ్చిందట. చాటలు ఎన్ని గడపల్లో మిగిలాయో తెలియదు. మా పిల్లకు మాత్రం, చుక్కలు చూడడం మానేసి ఒక పూట అక్కడ కూర్చుని రమ్మని చెప్పాను. వాళ్లు నిన్ను చూస్తున్నారో లేదో చూసి రా అన్నాను.

ఇంతసేపూ ఎవరి పేరూ రాయలేదు. పెద్దమ్మా, అక్కా, సారూ అంటూనే రోజులు గడిపాం. కానీ రుణం తలచుకునేటప్పుడు పేరు చెప్పాలి. పుస్తకాలు సొరుగులో దాచిన దేవదానం సారుకు, ఒంటరి పిల్లనని చూడకుండా గది ఇచ్చిన హలీమా బీకి, పుల్లటి కల్లు పోసి మమ్మల్ని ఆ వీధిలో కలిపిన నర్సాగౌడ్‌కు, తొమ్మిదో వంతుకే నీళ్లు పట్టిన గంగవ్వకు, ఒప్పుకున్న మా బాపు రాజన్నకు, ఉన్న ఒక్క మంచి బిందెను నడి బజార్లో వదిలి నన్ను నా బతుకులోకి పంపిన మా అవ్వ లచ్చవ్వకు నా దండాలు. వాళ్లలో ఎవరూ ఇది చదవరు. బిందె నా దగ్గరే ఉంది, అంచు కొంచెం సొట్ట పడింది. మేము లేనప్పుడు గంగవ్వ మా వంతు నీళ్లు పట్టి మూత పెట్టి ఉంచిన ఆ మధ్యాహ్నం, ఇన్నేళ్ల తర్వాత మనసులో మూత తీసి చూసినా ఇంకా చల్లగానే ఉంది.