మొగలిలంక గట్టు మూసెయ్యలేదు

“మొగలిలంక గట్టు దారి మూసేశారు. ఉదయం ఆరున్నరకి మేము వెళ్తే స్థానికులు అడ్డంగా వల కట్టి, గడ ఎత్తి తరిమారు. ఈ దారి చెప్పిన పెద్దాయన సమాచారం నమ్మదగింది కాదు. ఎవరూ వెళ్ళవద్దు.”

ఇది అచ్చులో వేశారు. ఆ పెద్దాయన్ని నేనే.

నాకు డెబ్భై రెండేళ్ళు. ఏలూరులో నలభై ఏళ్ళు సైకిలు షాపు నడిపాను. చదువు అయిదో తరగతితో ఆగింది. తక్కినదంతా లైబ్రరీలో చదువుకున్నది, చక్రాలు బిగిస్తూ పదిమంది దగ్గర విన్నది. ఆదివారాలు సరదాకి సైకిలు తొక్కే ఉద్యోగస్థుల బృందం ఒకటి, ఎటెటు వెళ్ళొచ్చో చిన్న పుస్తకం వేస్తామంటూ మూడేళ్ళ కిందట నా దగ్గరికి వచ్చింది. సంతోషించాను. తెల్లకాగితం మీద దారి గీసిచ్చాను. దెందులూరు దిబ్బలు, గుండుగొలను, భీమడోలు, అక్కణ్ణించి కొల్లేట్లోకి దిగి మొగలిలంక గట్టు, ఆపైన నిడమర్రు, గణపవరం, తాడేపల్లిగూడెం. తూము ఎక్కడో, మలుపు ఎక్కడో, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అన్నీ రాశాను. మొదటి పుస్తకంలో గీసింది గీసినట్టు వేశారు. ఆరు నెలల కిందట వచ్చిన రెండో పుస్తకంలో పై నాలుగు ముక్కలూ వేశారు.

మూడు ఉత్తరాలు రాశాను. మూడోదాని కింద ఫోను నంబరు కూడా వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నన్ను అన్నందుకు సరే. ఆ లంకవాళ్ళని తరిమేవాళ్ళంటారా? ఒక వరద ఏడు, నా ఇరవై రెండో ఏట, గట్టు మునిగి మధ్యలో చిక్కుకుపోతే నన్నూ నా సైకిలునీ దోనెలో ఎక్కించుకుని, రెండు రోజులు అన్నం పెట్టి పంపిన ఊరది. ఆ చేతులా గడ ఎత్తేవి?

కోపం ఒక పక్క ఉంటే లోపల భయం ఒక పక్క. మోకాలి నొప్పితో రెండేళ్ళుగా నేనటు వెళ్ళలేదు. నిజంగానే గండి పడి దారి పోయుంటే? నలభై ఏళ్ళ నా మాట నీళ్ళపాలే.

“మీరు వెళ్ళి చూసొస్తే గాని ఇంట్లో మాకు ముద్ద దిగదు. వెళ్ళిరండి,” అంది మా ఆవిడ. “ఆ కోపం మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళండి. తొక్కడానికి బరువు.”

శనివారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాను. పాత నల్ల సైకిలే. పంపు, ప్యాచీల డబ్బా, తువ్వాలు, రెండు సీసాల నీళ్ళు, ఆ రెండో పుస్తకం. వెనక వచ్చేవాళ్ళకి చెబుతున్నాను, హైవే మీదికి ఎక్కకండి. పక్కన సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దాని మీదే వెళ్ళండి. లేనిచోట అంచు పట్టుకుని, లారీ హారను వినగానే దిగిపోండి. దిగితే పరువేం పోదు.

నాలుగుంపావుకి దెందులూరు. ఒకప్పుడు వేంగి రాజులు ఏలిన నేల. చేల మధ్య దిబ్బలు, వాటి మీద ముక్కూ మొహం అరిగిపోయిన రాళ్ళు. నేను ఒక రాతి మీద చెయ్యి పెట్టి చూస్తుంటే గడ్డిమోపుతో వెళ్తున్న ఒకాయన ఆగాడు.

“ఏవండీ, ఆ రాళ్ళల్లో ఏం కనపడుతుందండి మీకు?”

“మన పెద్దలు కనపడుతున్నారండి.”

“మా పెద్దలు చెరువవతల స్మశానంలో ఉన్నారండి. ఇక్కడెవరూ లేరు,” అని నవ్వుకుంటూ పోయాడు.

గుండుగొలనులో టీ, రెండు బిస్కెట్లు. భీమడోలు చేరేసరికి ఆరుంపావు. రాత్రి బస ప్రకాశరావు మాస్టారింట్లో. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో నా షాపులో సైకిలు కొన్నారు, అది ఇప్పటికీ తొక్కుతున్నారు. చేపల పులుసుతో భోజనం. గట్టు గురించి అడిగాను.

“ఉందనే అంటారండి. నేను కళ్ళతో చూసి ఏడాది దాటింది,” అన్నారాయన. ఆ మాటతో ధైర్యం రాకపోగా ఉన్నది కాస్తా పోయింది.

ఆదివారం తెల్లవారుజామున అయిదూ నలభైకి బయటపడ్డాను. వాళ్ళు వెళ్ళిన వేళకే వెళ్ళి, వాళ్ళు చూసిందే చూడాలని పట్టుదల. మార్గశిర మాసపు మంచు. కోతలైన చేలు, చేపల చెరువులు, మళ్ళీ చేలు. ఆరూ ముప్పై అయిదుకి గట్టు మొదలయ్యే చోట దిగాను.

వల ఉంది.

రోడ్డుకి ఈ చివర నుంచి ఆ చివరకి, వెదురు కర్రలు పాతి నడుమెత్తు వల కట్టి ఉంది. మధ్య కర్రకి ఎర్రగుడ్డ. చెయ్యి దానంతటదే బెల్లు మీదికి వెళ్ళింది. ఒక్కసారి మోగిందో లేదో, మంచులోంచి ఒక మనిషి లేచి పొడుగాటి గడ పైకెత్తింది.

అచ్చులో వేసింది అక్షరాలా నిజం! సైకిలు పక్కనే కూలబడ్డాను.

అప్పుడు వినపడింది వల అవతలి నుంచి గుసగుసలాంటి చప్పుడు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. రోడ్డు నిండా బాతులు. ఐదారు వందలుంటాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుని గడ్డి మీద కూర్చుని ఉన్నాయి.

నా నెత్తి నేనే కొట్టుకున్నాను. గుడ్ల వేళ!

కొల్లేటి చుట్టుపక్కల బాతులు మేపేవాళ్ళకి ఈ రోజుల్లో రాత్రి మందని ఆపడానికి పొడి నేల కావాలి. లంకలో పొడి నేలంటే గట్టే. తెల్లవారి బాతులు గుడ్లు పెట్టేదాకా, వాటిని ఏరుకునేదాకా వల తియ్యరు. ఎనిమిదింటికి తీసేస్తారు. ఆలోగా పనిమీద వెళ్ళేవాళ్ళు సైకిలు భుజాన వేసుకుని అంచున చప్పుడు చెయ్యకుండా నడిచిపోతారు. జబ్బు మనిషి ఉంటే వల క్షణంలో తీస్తారు. ఇది ఆ ఊరి కట్టుబాటు, ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలుసు కాబట్టే కాగితం మీద రాయలేదు. తూములు రాశాను, మలుపులు రాశాను, వేళ రాయలేదు.

గడ మనిషి వల దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు సువార్తమ్మ.

“ఏవండీ బాబుగారూ, ఇంత వయసొచ్చింది, గుడ్ల వేళ బెల్లు కొడతారా? బెదిరితే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. గుడ్లన్నీ చితుకుతాయి.”

“తప్పయిందమ్మా. మరి ఆ గడ?”

“కొట్టడానిక్కాదండి. అరిస్తే బాతులు లేస్తాయి కదా, ఆగమని గడే ఎత్తుతాం.”

నేను పుస్తకం తీసి ఆ నాలుగు ముక్కలూ చదివి వినిపించాను. ఆవిడ మొహం వాడిపోయింది.

“అదా సంగతి! పోయినేడు ఆదివారం ఆదివారం తొమ్మిదింటికి పది పదిహేనుమంది సైకిలోళ్ళు వచ్చేవారండి. గుడ్లు ఏరడం అయ్యాక ఇదిగో ఈ పాకలో ఇడ్లీ వేసేదాన్ని. ఆరు నెలలై ఒక్కరు లేరు. ఇడ్లీలో ఏమన్నా తేడా వచ్చిందేమోనని పప్పు కూడా మార్చానండి. నేను తరిమానన్నారా?”

ఆరు నెలలు ఆవిడ పప్పు మార్చుకుంటూ కూర్చుంది, నేను ఇంట్లో కోపంగా ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నాను.

ఎనిమిదింటికి వల తీశారు. బాతులు ఒక ఏరులా గట్టు దిగి నీళ్ళలోకి పోయాయి. వెనక గట్టు ఖాళీగా, తిన్నగా, లంకదాకా కనపడింది. గండి లేదు, కంప లేదు, మూసిందేమీ లేదు. అమ్మయ్య! గుండెల మీంచి బండ దించినట్టయింది. నాలుగు ఇడ్లీ, ఒక బాతుగుడ్డు తిన్నాను. ఇడ్లీలో ఏ తేడా లేదు. ఆవిడ డబ్బులు తీసుకోనంటే బలవంతాన ఇచ్చాను.

ఖాళీ గట్టుని, ఇడ్లీ పాకని ఫోటోలు తీశాను. నాకు చేతనైనట్టు ఫోనులో టైపు చేసి ఆ బృందం కార్యదర్శికి పంపాను. దారి పొడుగునా ఎన్ని తిట్లు కూర్చుకున్నానో! చివరికి రాసింది ఇంతే: “దారి తెరిచే ఉంది. అక్కడ బాతులు గుడ్లు పెట్టే వేళ ఎనిమిదిదాకా. అది రాయకపోవడం నా తప్పు. అడక్కుండా తిరిగి వచ్చి, తరిమారని అచ్చు వెయ్యడం మీ తప్పు. వల వెనక ఉన్నావిడ పేరు సువార్తమ్మ. ఇడ్లీ బాగుంది.”

ఆ తరవాత తొక్కినదంతా సుఖమే. రెండు పక్కలా నీళ్ళు, గూడబాతులు బారులు తీరి చేపలు పడుతున్నాయి. లంకలో ఒక ముసలాయన అరుగు మీంచి “ఎక్కణ్ణించండి?” అని కేకేసి, చెప్పేలోపే చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నిడమర్రు పదిన్నరకి. గణపవరం దగ్గర వెనక ట్యూబు పంచరు. కాలవ గట్టున కూర్చుని ఇరవై నిమిషాల్లో వేసుకున్నాను. ఒంటిగంటకి తాడేపల్లిగూడెం. స్టేషను దగ్గర భోజనం, కొత్త ఆవకాయ కాదు గాని పప్పు బాగుంది. సైకిలుకి సామాను టిక్కెట్టు తీసుకోవాలి. ముందే వెళ్ళి అడగండి, బండి వచ్చాక అడిగితే ఎక్కనివ్వరు.

పాసింజరు రెండూ యాభైకి వచ్చింది. పక్కన ఉల్లిపాయల సంచితో ఒకావిడ కూర్చుని, ఎక్కణ్ణించని అడిగింది. చెప్పాను.

“ఏలూరు నుంచి సైకిలు మీదే వచ్చారా? పిల్లలెవరూ ఆపలేదండీ?”

“ఆపేవాళ్ళకి చెప్పకుండా వచ్చానండి.”

“మంచి పని చేశారు,” అంది. అని సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది.

కాళ్ళు లాగుతున్నాయి. మోకాలు వాచింది. అయినా ఏలూరికి ఇంత తేలిగ్గా తిరిగివెళ్ళడం ఈ మధ్య ఎరగను. మా ఆవిడ చెప్పినట్టు బరువు దించి వచ్చాను, ఇంట్లో కాదు, గట్టు మీద. నేను చెప్పేది ఒకటే. ఈ ప్రాంతంలో ఎక్కడ వల కనపడినా, కంప కనపడినా, దిగి కూర్చోండి. ఎవరో ఒకరు వచ్చి మాట్లాడతారు.

బండి భీమడోలు దాటుతుండగా ఫోను మోగింది. కార్యదర్శి నుంచి మెసేజి, ఆరు నెలల తరవాత మొదటి జవాబు. ఇదీ అది:

“అయ్యా, నమస్కారం. మీ ఉత్తరాలు మూడూ అందాయి. జవాబు రాయకపోవడానికి కారణం సిగ్గు. ఆ రోజు ముందు సైకిలు మీద ఉన్నవాణ్ణి నేనే. గడ చూసి భయపడి వెనక్కి తిరిగాను. భయపడ్డానని రాయలేక తరిమారని రాశాను. మీ దారి ఎనిమిది తరవాత అన్న మాటతో సహా మళ్ళీ వేస్తాం. ఆ వాక్యాలు తీసేస్తాం, తప్పని కూడా అచ్చు వేస్తాం. వచ్చే ఆదివారం పద్దెనిమిదిమందిమి వస్తున్నాం. సువార్తమ్మ గారికి ముందుగా మీరు చెప్పి పెట్టండి. నా అంతట నేను వెళ్ళి నిలబడడానికి మొహం చెల్లడం లేదు. మీరు ముందు వెళ్ళండి, మీ వెనక నేను వస్తాను.”