కొమ్ముపాచికి నేను పెట్టిన కొమ్ములు

మా తెనాలి ఇంట్లో ఇప్పుడు గిన్నెలో నానుతున్న పొట్టు మినప్పప్పు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఆ పప్పు నుంచి లేచే పచ్చి మట్టి వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, నేను పెనుమూడి పక్కన మా చేలో, మోకాళ్ళ మీద వంగి, మంచులో వణుకుతూ ఉంటాను.

మా వైపు వరి కోయకముందే ఆ తడి మీద మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి మోళ్ళ మధ్య మినప మొక్కలు రెండాకులు వేస్తాయి, వాటి కింద ఎండ సోకని చెమ్మనేలకి రూపాయి బిళ్ళంత పచ్చని పాచి అంటుకుని, అందులోంచి సూదుల్లాంటి కొమ్ములు నిలబడతాయి. మేం దాన్ని కొమ్ముపాచి అనేవాళ్ళం. బాపట్లలో డిగ్రీ చదివే మా అక్క మాత్రం ఆంథోసిరాస్ అనేది. దానికి పువ్వు పూయదనీ, కొమ్ము అడుగు నుంచి పెరుగుతూ కొస నుంచి పండి, రెండుగా చీలి నల్లటి పొడి రాలుస్తుందనీ అన్నం తింటూ కూడా చెప్పేది.

చెప్పదూ మరి. కిందటేడు ప్రాక్టికల్స్ తప్పింది. "ఈసారీ తప్పితే చదువు చాలమ్మా, ఇంట్లో ఉందువుగాని," అని నాన్న ముందే చెప్పేశాడు. ఎవరి నమూనా వాళ్ళే తెచ్చుకోవాలి గనక, పరీక్ష ముందురోజు అక్క పూటంతా వెతికి, కొమ్ములున్న పాచిని మట్టిపెళ్ళతో సహా టిఫిన్ డబ్బాలో పెట్టి, తడిగుడ్డ కప్పి వంటింటి గట్టు మీద ఉంచింది.

తెల్లవారి చూస్తే డబ్బా తళతళలాడుతోంది. అమ్మ గిన్నెలతో పాటు దాన్నీ తోమి బోర్లించేసింది.

"ఏంటమ్మా నువ్వు చేసింది?" అక్క ఖాళీ డబ్బా ఎత్తి చూపించింది.

"చీకట్లో అన్నీ కలిపి తోమేశానే, చూసుకోలేదు," అంది అమ్మ, తడిచేతులు అలాగే పట్టుకుని.

రేపల్లె బస్సుకి అరగంట. నేను డబ్బా లాక్కుని చేలోకి పరిగెత్తాను. మంచులో చేతికి చెయ్యి కనపడదు. మినప మొక్కలు తప్పిస్తూ తడుముకుంటే కొమ్ముపాచి దొరకలేదు, అక్క చెబుతుండే దాని చుట్టం రిక్సియా దొరికింది. అదీ నేలకి చక్రంలా పరుచుకునేదే కానీ, పొడిని ఒంట్లోనే దాచుకుంటుంది, కొమ్ములు వెయ్యదు. అంతలో బస్సు హారన్ వినపడింది. గరిక లేత మొనలు పీకి, ఒక్కొక్కటే దాని మీద గుచ్చాను. దేవుడు కూడా అంత వరసగా పెట్టలేదు.

"దొరికిందే. మూత తియ్యకు, ఆరిపోద్ది," అన్నాను అక్క చేతిలో డబ్బా పెడుతూ.

తోడుగా నన్నే పంపారు. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బండి మారి, బాపట్ల చేరేదాకా అక్క ఆ డబ్బాని ఒళ్ళోంచి దించలేదు, నేను దానివైపు చూడలేదు.

ల్యాబ్ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. ఎగ్జామినర్ గారు పట్టకారుతో ఒక కొమ్ము పట్టి లాగారు. సుఖంగా ఊడొచ్చింది. ఇంకోటి లాగారు. అదీ వచ్చింది.

"ఏంటమ్మా ఇది, నాట్లు వేశారా?"

అక్క కిటికీ వైపు ఒక్కసారి చూసింది. నేను చువ్వల కిందికి తల దించేశాను.

"ఇది రిక్సియా అండి, ఆ కొమ్ములు గరికండి," అంది. "అసలుదాని కొమ్ము ఇలా ఊడి రాదండి, అడుగు ఒంట్లోనే పాతుకుని ఉంటుంది. కణానికి ఒకటే పెద్ద హరితరేణువండి. కింద నాస్టాక్ అనే నాచు నీలిచుక్కలు కూడా కనపడాలి. ఇందులో అవేం లేవండి."

ఆయన గరికముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"నమూనాకి సున్నా. చెప్పినదానికి వేస్తాను."

అక్క బొటాబొటి మార్కులతో గట్టెక్కింది.

మొన్న చేలోకి వెళ్ళి వెతికాను. కోత మిషన్ చక్రాలు నేలని బండరాయిలా తొక్కేశాయి, కలుపుమందు పడ్డచోట పాచి అన్నదే లేదు. అక్కకి ఫోన్ చేసి చెబితే, "నువ్వు మళ్ళీ నాటకు," అంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ డబ్బా అమ్మ తోమలేదు. ముందురోజు సాయంత్రం కాలవలో పరిగ చేపలు పట్టడానికని నేనే మట్టి పారబోసి, కడిగి, బోర్లించిన గిన్నెల్లో కలిపేశాను. తెల్లారగట్ల చీకట్లో మిగతావి తోమిన అమ్మ దాన్నీ తనే తోమేశాననుకుంది, నేను అనుకోనిచ్చాను. ఇప్పటికీ ఎవరి డబ్బా కడగాలన్నా అమ్మ, "ఇందులో ఏమన్నా ఉందా?" అని మూడుసార్లు అడుగుతుంది. మనవరాళ్ళు నవ్వుతారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను.