సోయి

తెలంగాణ రాష్ట్రం రావడానికి ముందటి ఏడు, శ్రావణ మాసం మొదటి శుక్రవారం, పగలు పన్నెండున్నరకు మా అక్కకు సోయి వచ్చింది. ఎట్లా వచ్చిందో రాస్తాను. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక, ఉప్పల్ రాత్రి బడిలో. చుట్టు తిప్పి రాయడం రాదు.

జ్వరంతో పడిపోయిన అక్కను దవాఖానావాళ్ళు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపించారు. పక్కింటి ఆటో అతనే నాచారంలోని ఆమె గదికి చేర్చి, తానూ అక్కడే కూర్చున్నాడు.

సోయి అంటే మాకు తెలివి, జ్ఞాపకం, ధ్యాస, అన్నీ. మా అమ్మకైతే అది మనిషి లాంటిది. తప్పిన సోయి దూరం పోదు, గడప అవతల నిలబడి వింటుంది అనేది. అందుకే సోయి తప్పినవాళ్ళను మా ఇంట్లో పేరుతో పిలవం, వరసతోనే పిలుస్తాం. వరసకు ఇంటివాళ్ళే పలుకుతారు, పేరుకు ఎవరైనా పలకవచ్చు అని అమ్మ మాట.

“అక్కా, నేను చెల్లెను. సోయి తెచ్చుకో” అని చెవిలో చెబుతూనే ఉన్నాను.

“మా ఉర్దూ జబాన్ల సోయీ అంటే పండుకున్నది అని, ఖాలా” అన్నాడు ఆటో అతను. “నువ్వు లేపుతున్నవో పండవెడుతున్నవో.”

“నువ్వు జర ఊకో బిడ్డా. బావా, నువ్వన్న పిలువు.”

మంచం పక్కన కూర్చున్న బావ తల గోక్కున్నాడు. “నేనేమని పిలుస్త? పెండ్లయిన కాంచి ఏమే అనుడే.”

“ఏమే అంటే అక్క లేస్తదా? మంచిగున్నప్పుడే పలుకకపోవు.”

అప్పుడే పై వాటాలో ఉండే కాకినాడ టీచరమ్మ వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని, “పేరు పెట్టి పిలవండి పిన్నిగారూ. ఎవరి పేరు వాళ్ళకి లోపలిదాకా వినబడుతుందండీ” అంది. వద్దమ్మా అనేలోపే వంగి, అక్క పేరు గట్టిగా పిలిచేసింది.

కరెంటు లేదు. ఫ్యాను ఆగి ఉంది. గడప మీది పరదా అవతల నుంచి “ఆఁ” అని వినబడింది.

అక్క గొంతే. అక్క పెదవులు మాత్రం కదలలేదు. నలుగురం విన్నాం. ఆటో అతను లేచి పరదా తీశాడు. వరండాలో నీళ్ళ డ్రమ్ములు తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిరిగేసరికి అక్క కళ్ళు తెరిచి ఉంది.

“ఎవల్ని పిలుస్తున్రే?”

“నిన్నే అక్కా.”

“నేను అక్కను. గా పేరుగలామె బయట ఉన్నదిగద, పలికెగద.”

తరవాత అక్క కోలుకుంది. వంట చేస్తుంది, బావతో ఎప్పటిలాగే కొట్లాడుతుంది. అందరినీ గుర్తుపడుతుంది. పేరుకు మాత్రం పలకదు. రేషన్ దుకాణంలో ఆమె పేరు పిలిస్తే, ఎవరు ముందుకు వస్తారా అని అందరితో పాటు తానూ వెనక్కి చూస్తుంది. బావ ముందుకు పోయి బియ్యం తెచ్చుకుంటాడు.

టీచరమ్మ మనసు పాడుచేసుకుని, సోయి అనే మాట ఎక్కడిదో వెతికింది. కన్నడంలో సుయ్ అంటే ఊపిరి వదలడమట. హిందీలో సుధ్ అంటే తెలివట. ఏది అసలో తేలలేదండీ అంది. తేలకపోతేనేమి, ఆ పూట మంచం మీద ఊపిరి ఉంది, ఆటో అతను చెప్పిన నిద్ర ఉంది. తెలివి ఎక్కడ నిలబడి ఉందో మా అమ్మ ముందే చెప్పింది. పేరు లేకుండా లోపలికి వచ్చింది, అంతే.

టీచరమ్మ ఇప్పటికీ అడుగుతుంది, “నేను పిలవకపోతే లేచేవారంటారా?” నాకు తెలియదు అనే చెబుతాను.

ఆ రోజు గదిలో ఉన్నది బావ, ఆటో అతను, కాకినాడ టీచరమ్మ, నేను, మంచం మీద మా అక్క. పరదా అవతల, ఆ పేరుగల ఆమె.