రబ్బరు వానపామును కరిచిన కొర్రమీను

మా చిన్నప్పుడు మా ఊరి చెరువులో చేపలు ఎవరికైనా భయపడేవంటే, అది మా పైడమ్మత్తకే... నాన్నకు అక్క. పొలం పని అయిపోగానే చీర కుచ్చిళ్లు ఎగదోపి, వెదురు గాలం భుజాన వేసుకుని తాటిదోనె ఎక్కేది. కొబ్బరిచిప్పలో తడిమట్టి, అందులో వానపాములు. వాటిని తవ్వి తెచ్చే ఉద్యోగం నాది. జీతం... కూరలో తోక ముక్క.

తాటిమానును నిలువునా చీల్చి, లోపల దొలిచి చేసిన దోనె అది. తుమ్మితే ఒరిగేది. "కర్ర సూడకు... నీళ్లు సూడు" అనేది అత్త. అందుకని నేను చెరువంతా చూసేదాన్ని.

ఒకరోజు... అప్పుడే వానలు పడి చెరువు నిండింది... తామరాకుల మధ్య నీళ్లు ఎర్రగా కదిలాయి. కుంకుమ చల్లినట్టు. చూస్తే వందల చేపపిల్లలు, ఒకే ముద్దగా పైకొచ్చి గాలి పీల్చి మళ్లీ కిందికి పోతున్నాయి. కొర్రమీను పిల్లలు. వాటి కిందే తల్లి ఉంటుందని నాకు తెలుసు. అత్త చుట్ట వెలిగించుకుంటోంది. ఇదే సందని గాలం అందుకుని సరిగ్గా ఆ ముద్ద మధ్యలోకి విసిరాను.

చెంప ఛెళ్లుమంది. ఏం జరిగిందో తెలిసేలోపే అత్త గాలం లాక్కుని, వెదురుకర్రను మోకాలికి ఆనించి ఫెళ్లున విరిచేసింది. తన గాలాన్నే!

"పిల్లల్తోటి ఉన్నదాని మీదకి ఇసురుతావేటే గుంటా! అదేటి ఆకలేసి కరుస్తాదనుకున్నావా? పిల్లల మీదకి ఏటో వస్తన్నాదని కరుస్తాది. అలగ పట్టిన సేప కూర మనకి గొంతు దిగుతాదేటి?"

నాకు ఏడుపు కూడా రాలేదు. అంతకుముందు నన్ను ఒక్కసారి కూడా కొట్టని మనిషి... ఆ రోజు మా ఇంట్లో పప్పుచారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... పోయిన ఆదివారం నేను ఇక్కడ పెట్టిన ఫోటో గుర్తుందా? చేతిలో చేపతో? మీరంతా లైకులు కొట్టి, "సూపర్ అక్కా" అన్నారే... అది.

మా ఆయనకు సాలూరులో లారీ స్పేర్ల కొట్టు. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ ఒక కయాక్ తెప్పించాడు... ఇద్దరు కూర్చునే పసుపు ప్లాస్టిక్ పడవ. దాంతోపాటు రీలున్న స్పిన్నింగ్ రాడ్డు, పొట్లంలో మెత్తటి రబ్బరు వానపాములు. పొట్లం మీద బాస్ అనే విదేశీ చేప బొమ్మ.

"ఈ సేప మన కాడ ఎక్కడున్నాది?" అన్నాను.

"అది నేకపోతే కొర్రమీనున్నాది కదేటే... పడవెక్కు బేగి" అన్నాడు.

రబ్బరు వానపాము ఒళ్లంతా తళుకులు. వాసన చూస్తే సోంపు! నాకు నవ్వాగలేదు.

ఆ ఆదివారం సాలూరు దగ్గర ఒక చెరువులో పొద్దున్నుంచి విసిరాం. ఒక్క చేపా ముట్టలేదు. ఎండెక్కాక, ఇక పోదామనుకుంటూ తామరాకుల అంచుకు చివరిసారి విసిరాను. రీలు రెండు చుట్లు తిప్పానో లేదో... నీళ్లు భళ్లున లేచాయి! పడవ ముక్కు అటు తిరిగిపోయింది. లాగగా లాగగా నా మోచేతంత కొర్రమీను వచ్చింది. నేను కేకలు, ఆయన ఫోటోలు. రాత్రికి పులుసు. అబద్ధమెందుకు... చాలా బాగుంది.

నిన్న పైడమ్మత్త ఫోన్ చేసింది. మనవరాలి ఫోన్లో ఆ ఫోటో చూసిందట. మెచ్చుకుంటుందనుకుని మొత్తం కథ చెప్పాను.

"ఎరేటి కట్టేవే?" అంది.

"రబ్బరుదత్తా! ఉత్త రబ్బరు!"

అత్త మెచ్చుకోలేదు.

"పొద్దుట్నుంచీ ఒక్కటీ కరవలేదంతన్నావు. మరి అదొక్కత్తే ఆ రబ్బరు ముక్కని ఎందుకు కరిసిందే?... నీళ్లు సూసేవా?"

అత్త ఇంకేమీ అడగకుండానే పెట్టేసింది.

నీళ్లు చూడలేదు. రాడ్డు కొస చూశాను, రీలు చూశాను, కెమెరా చూశాను. ఆ ఫోటో తెరిచి పెద్దది చేశాను. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న నేను... నోట్లో రబ్బరు ముక్కతో కొర్రమీను... దాని తోక వెనక, తామరాకుల మధ్య... నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

అన్నేళ్ల కిందటి దెబ్బ మళ్లీ తగిలింది. ఈసారి ఏడుపొచ్చింది.

ఈ ఉదయం మా ఆయన్ని లేపి మళ్లీ అదే చెరువుకు తీసుకెళ్లాను. రాడ్డు తీసుకెళ్లలేదు. తామరాకుల చుట్టూ తిరిగి తిరిగి, ఎండెక్కే దాకా చూశాను. ఎర్రగా ఏమీ కదల్లేదు.

ఆ ఫోటో తీసెయ్యను. మీరూ వెళ్లి పెద్దది చేసి చూడండి. అప్పట్లో తప్పు చేయబోతే దోనెలో పక్కనే అత్త ఉండేది... ఇప్పుడు పక్కన ఉన్నవాళ్లం ఫోటోలు తీసుకుంటున్నాం.

మీ ఇళ్లలో కూడా ఎవరో ఒకరు, ఏదో ఒకటి చెయ్యొద్దని కొట్టే ఉంటారు. గుర్తుంటే కింద రాయండి. నాకు కొట్టి మరీ చెప్పారు... అయినా మర్చిపోయాను.

అత్తకు తిరిగి ఫోన్ చెయ్యాలి. ఏమని చెప్పను...